స్టీరింగ్ మార్చాక ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరడం లేదా? ముందు ఆ బల్బు జోలికి పోకు

తమ్మీ, నీ ప్రశ్న చదివాను. పరకాలలో ఉంటావు, ఏడేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్, మధ్య వేరియంట్. పాత స్టీరింగ్ తోలు ఊడిపోయింది, ఎలాగూ మారుస్తున్నాం కదా అని ఆడియో బటన్లున్న టాప్ వేరియంట్ స్టీరింగ్ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి వేయించావు. అప్పటి నుంచి మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఆరడం లేదు, హారన్ ఒక్కోసారి మోగుతోంది, ఒక్కోసారి మోగడం లేదు. బిగించినతనేమో "ఊరికే సెన్సర్ లైటు అది, బల్బు లైన్ కట్ చేస్తే పోతుంది" అంటున్నాడు. వచ్చే వారం ఇంటిల్లిపాదినీ తీసుకుని మేడారం పోవాలి, ఏం చేయాలి అని అడిగావు.

మిగతాది మెల్లగా చదువుకో కానీ ఈ ఒక్కటి ముందే విను. ఆ బల్బు లైన్ కట్ చేయించకు. హన్మకొండలో కారు ఎలక్ట్రికల్ పని ఏళ్లుగా చేస్తున్నాను, ఇలాంటి కేసు నెల నెలా వస్తూనే ఉంటుంది, ఎక్కువ భాగం పెద్ద ఖర్చు లేకుండానే సరి అవుతాయి. లైట్ కనిపించకుండా చేసి పంపిన కార్లు మాత్రం నాకు నిజంగా భయం పుట్టిస్తాయి, ఎందుకంటే ఆ కారు తర్వాత ఎవరి చేతికి పోతుందో, అందులో ఎవరి పిల్లలు కూర్చుంటారో మనకు తెలియదు.

అసలు ఆ లైట్ ఏం చెప్తోందో చూద్దాం. తాళం ఆన్ చేయగానే అది కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆ కొన్ని సెకన్లలో ఎయిర్‌బ్యాగ్ ఈసీయూ, అంటే బ్యాగ్‌లను నడిపే చిన్న కంప్యూటర్, తన కింద ఉన్న ప్రతి బ్యాగ్‌కీ, ప్రతి సెన్సర్‌కీ వైరు సక్రమంగా ఉందా అని చూసుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్ వెనక దాన్ని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ డబ్బాలో స్క్విబ్ అని ఒక చిన్న నిప్పు రాజేసే ముక్క ఉంటుంది, దాని రెసిస్టెన్స్ మామూలుగా 2 ఓమ్‌ల దగ్గర్లో ఉంటుంది. ఈసీయూ అతి తక్కువ కరెంటు పంపి ఆ 2 ఓమ్‌లు కనిపిస్తున్నాయా లేదా అని కొలుస్తుంది. కనిపిస్తే లైట్ ఆర్పుతుంది. ఎక్కువ కనిపించినా, తక్కువ కనిపించినా, అసలేం కనిపించకపోయినా తప్పు ఏంటో చెప్పే కోడు ఒకటి రాసుకుని లైట్ వెలిగించే ఉంచుతుంది. కారు నడుస్తున్నంతసేపూ ఈ కొలత సాగుతూనే ఉంటుంది, అందుకే కొన్ని కార్లలో గుంతలో పడ్డప్పుడో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడో లైట్ వస్తుంది.

లైట్ వెలుగుతున్న కారులో గుద్దుకుంటే బ్యాగ్ తెరుచుకుంటుందని నమ్మడానికి లేదు. కొన్ని మోడళ్లలో డ్రైవర్ బ్యాగ్ ఒక్కటే కాదు, పక్క సీటు బ్యాగ్, గుద్దుకున్న క్షణంలో బెల్టును లాగి బిగించే ప్రిటెన్షనర్ కూడా పనిచేయకపోవచ్చు, ఎందుకంటే అన్నింటికీ ఈసీయూ ఒకటే. కాబట్టి స్టీరింగ్ దగ్గర ఒక వైరు తేడా వల్ల పక్కన కూర్చున్న మీ అమ్మకు కూడా రక్షణ లేకుండా పోవచ్చు.

ఇప్పుడు నీ కారు సంగతి. నువ్వు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క లైట్ గురించి కాదు, హారన్ గురించి. స్టీరింగ్ తిరుగుతుంది, దాని వెనక ఉన్న కాలమ్ కవర్ తిరగదు. మరి తిరిగే స్టీరింగ్ మీద ఉన్న ఎయిర్‌బ్యాగ్‌కి, హారన్‌కి, ఆడియో బటన్లకి వైరు ఎలా పోతుంది? మధ్యలో క్లాక్ స్ప్రింగ్ అని గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. స్పైరల్ కేబుల్ అనీ, కాంటాక్ట్ కాయిల్ అనీ కూడా అంటారు, కౌంటర్‌లో ఏ పేరు చెప్పినా అదే ఇస్తారు. లోపల పలచటి రిబ్బన్ కేబుల్ దర్జీ టేపు చుట్ట చుట్టినట్టు ఉంటుంది. ఒకవైపు తిప్పితే బిగుసుకుంటుంది, రెండోవైపు తిప్పితే వదులవుతుంది. ఎయిర్‌బ్యాగ్, హారన్ రెండూ దీని గుండానే పోతాయి. అందుకే రెండూ ఒకేసారి తేడా చేస్తే నా అనుమానం ముందు దీని మీదికే పోతుంది.

ఇది ఎలా పాడవుతుందో కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే స్టీరింగ్ మార్చేటప్పుడు జరిగే తప్పుల్లో ఎక్కువ ఇక్కడే జరుగుతాయి. చాలా కార్లలో క్లాక్ స్ప్రింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు దాదాపు ఐదు చుట్లు తిరుగుతుంది, అంటే మధ్య నుంచి చెరో వైపు రెండున్నర. స్టీరింగ్ మధ్య నుంచి ఒకవైపు పూర్తిగా తిప్పితే రెండు చుట్లకు కాస్త అటూ ఇటూ అవుతుంది. అంటే మనకు మిగిలే తేడా ఒక చుట్టు కంటే తక్కువే. స్టీరింగ్ తీసి పక్కన పెట్టినప్పుడు ఆ డబ్బా వదులుగా ఉంటుంది, చేయి తగిలి ఒక చుట్టు తిరిగినా బయటికి ఏమీ కనిపించదు. లేదంటే స్టీరింగ్ లేకుండానే ఎవరో కారును జరుపుతారు, ముందు చక్రాలు పక్కకు తిరుగుతాయి, షాఫ్ట్ తిరిగిపోతుంది, డబ్బా మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అదే లెక్కలో స్టీరింగ్ బిగించేస్తారు. తిన్నగా పోతున్నంతసేపు బాగానే ఉంటుంది. ఎప్పుడో ఇరుకు గల్లీలో కారు తిప్పుతూ ఒకవైపు పూర్తిగా కోసేసరికి రిబ్బన్ సాగి, మడత పడి, తెగిపోతుంది. స్టీరింగ్ వేసిన రోజు లైట్ రాకుండా కొన్ని రోజుల తర్వాత వచ్చిందంటే దాదాపు ఇదే కథ. పవర్ స్టీరింగ్ రాక్ పని చేయించాక లైట్ వచ్చిందని చెప్పేవాళ్లది కూడా ఇదే, అక్కడ షాఫ్ట్ జాయింట్ విప్పినప్పుడు స్టీరింగ్‌ను ఎవరో ఊరికే గిర్రున తిప్పి ఉంటారు.

నీ దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. మధ్య వేరియంట్‌లో ఆడియో బటన్లు లేవు కాబట్టి ఆ కారుకు వచ్చిన క్లాక్ స్ప్రింగ్‌లో బటన్ల వైర్లు ఉండకపోవచ్చు. టాప్ వేరియంట్ స్టీరింగ్ వేస్తే బటన్లు పనిచేయాలంటే క్లాక్ స్ప్రింగ్ కూడా టాప్ వేరియంట్‌దే వేయాలి. కొందరు అది కొనకుండా హారన్ వైరునో ఇంకో వైరునో చీల్చి బటన్లకు కలిపేస్తారు. హారన్ ఒకసారి మోగి ఒకసారి మోగకపోవడానికి అది కూడా కారణం కావచ్చు. నీ బటన్లు పనిచేస్తున్నాయా, చేస్తే క్లాక్ స్ప్రింగ్ మార్చాడా లేక వైర్లు కలిపాడా, ఇది అతన్ని గట్టిగా అడుగు. ఎయిర్‌బ్యాగ్‌కు పోయే పసుపు వైర్లలో దేన్నైనా చీల్చి టేపు చుట్టినట్టు తెలిస్తే ఇంక ఆలోచించకు, ఆ క్లాక్ స్ప్రింగ్, ఆ వైరింగ్ ముక్క మార్చాల్సిందే. ఎయిర్‌బ్యాగ్ లైన్‌కు పసుపు రంగు పెట్టిందే దాని మీద ఎవరూ మామూలు వైరు మీద చేసినట్టు పని చేయొద్దని.

పోతే ఎయిర్‌బ్యాగ్ కూడా చూడాలి. కొన్ని కార్లలో డ్రైవర్ బ్యాగ్‌కు ఒకే స్క్విబ్, ఒకే ప్లగ్గు. కొన్నింట్లో రెండు దశల్లో తెరుచుకునే బ్యాగ్, రెండు స్క్విబ్‌లు, వేర్వేరు రంగుల్లో రెండు ప్లగ్గులు. నీ పాత స్టీరింగ్ మీద ఉన్న బ్యాగ్‌కు ఒక ప్లగ్గు ఉండి కొత్తదానికి రెండు ఉంటే, లేదా అటుదిటైతే, ఈసీయూకి లెక్క కుదరదు, నువ్వు ఎన్నిసార్లు కోడు చెరిపించినా మళ్లీ వస్తుంది. అలాంటప్పుడు బ్యాగ్ పార్ట్ నంబర్ సరిపోల్చడం తప్ప వేరే దారి లేదు. కొత్త స్టీరింగ్ చక్రం మీద నీ పాత బ్యాగే సరిగ్గా కూర్చుంటే అంతకంటే మంచిది ఏముంది, అదే పెట్టించుకో. దాని పుట్టుపూర్వోత్తరాలు నీకు తెలుసు.

సెకండ్ హ్యాండ్ బ్యాగ్ అంటే నాకు ఎందుకు ఇష్టం ఉండదో చెప్తా. స్క్రాప్ స్టీరింగ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువగా గుద్దుకున్న కార్ల నుంచే. గుద్దుకుని బ్యాగ్ తెరుచుకుపోయిన స్టీరింగ్‌కు పైన కొత్త కవర్ అతికించి, లోపల బ్యాగే లేకుండా అమ్మేవాళ్లు ఉన్నారు. పైనుంచి చూస్తే కంపెనీ లోగోతో మెరుస్తూ ఉంటుంది. కాబట్టి వెనక ఇన్‌ఫ్లేటర్ మెటల్ డబ్బా ఉందా, కంపెనీ స్టిక్కర్, సీరియల్ నంబర్ ఉన్నాయా, కవర్ అంచులు మళ్లీ అతికించినట్టు ఉన్నాయా చూడాలి. నీళ్లలో మునిగిన కారుదైతే లోపల తుప్పు ఉంటుంది. ఇంకో భయం కూడా ఉంది. టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లను ప్రపంచమంతా రీకాల్ చేశారు, మన దేశంలోనూ కొన్ని కంపెనీలు వెనక్కి పిలిచి మార్చాయి. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్ మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇన్‌ఫ్లేటర్ పగిలి ఇనుప ముక్కలు మనిషి మీదికి వచ్చాయి. స్క్రాప్‌లో దొరికే పాత బ్యాగ్ రీకాల్‌లో మార్చినదా, మార్చనిదా అని అమ్మేవాడు చెప్పలేడు. కారు మీదనే ఉన్న ఒరిజినల్ బ్యాగ్ అయితే ఛాసిస్ నంబర్ ఇచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రీకాల్ ఉందో లేదో ఉచితంగా తెలుసుకోవచ్చు.

సరే, ఇప్పుడు ఏ వరుసలో పోవాలి. అన్నిటికంటే ముందు కోడు చదివించు. ఏదీ విప్పకముందే. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే బ్లూటూత్ ఓబీడీ ముక్క ఉంది కదా, ఫోన్‌కి కలిపేది, దాంట్లో ఎక్కువ శాతం ఇంజిన్ కోడ్లే చదువుతాయి, ఎయిర్‌బ్యాగ్ వైపు పోవు. "కోడ్లు ఏమీ లేవు" అని అది చూపిస్తే నమ్మకు. షాపుకు పోయి స్కానర్ ఎస్‌ఆర్‌ఎస్, అంటే ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్ చదువుతుందా అని అడుగు. వరంగల్ ఆటోనగర్‌లో, హన్మకొండలో ఇప్పుడు మంచి స్కానర్లు చాలామంది దగ్గర ఉన్నాయి, కంపెనీ సర్వీస్‌లో ఎలాగూ ఉంటుంది. స్క్రీన్ మీద కోడు వచ్చాక చెరిపేయమనకు, ముందు ఫోన్‌లో ఫొటో తీసుకో. నంబర్ ఒక్కటే కాదు, పక్కన ఉన్న వాక్యం మొత్తం కావాలి.

ఆ వాక్యంలోనే సగం జవాబు ఉంటుంది. బీ0001 అంటే డ్రైవర్ ముందు బ్యాగ్ మొదటి దశ, బీ0002 అంటే రెండో దశ, అయితే చాలా కంపెనీలు సొంత నంబర్లు వాడతాయి కాబట్టి నంబర్ కంటే మాట ముఖ్యం. "రెసిస్టెన్స్ ఎక్కువ" అనో "ఓపెన్" అనో ఉంటే ఎక్కడో లైన్ తెగింది, అంటే రిబ్బన్ తెగింది లేదా ప్లగ్గు పెట్టడం మరిచారు. "రెసిస్టెన్స్ తక్కువ" అనో "షార్ట్" అనో ఉంటే చాలాసార్లు ప్లగ్గు పూర్తిగా లోపలికి కూర్చోలేదు. ఇది కొంచెం వింతగా అనిపిస్తుంది, ప్లగ్గు సరిగా పెట్టకపోతే ఓపెన్ రావాలి కదా అని. ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గులో షార్టింగ్ బార్ అని చిన్న రేకు ఉంటుంది. ప్లగ్గు తీయగానే అది బ్యాగ్ వైపు రెండు పిన్నులనూ కలిపేస్తుంది, ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటుకు బ్యాగ్ పేలకుండా. ప్లగ్గు పూర్తిగా దిగినప్పుడే ఆ రేకు పైకి లేస్తుంది. సగం దిగితే రేకు లేవదు, ఈసీయూకి షార్ట్ కనిపిస్తుంది. ప్లగ్గు పైన చిన్న లాక్ ముక్క ఉంటుంది, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి, లాగి చూస్తే కదలకూడదు. కాలమ్ కవర్ కింద వైరు నలిగి బాడీకి తగిలితే "గ్రౌండ్‌కు షార్ట్" అని వస్తుంది.

ఒకవేళ కోడులో డ్రైవర్ బ్యాగ్ అని కాకుండా ప్రిటెన్షనర్ అనో, సైడ్ బ్యాగ్ అనో ఉంటే స్టీరింగ్‌ను అనవసరంగా తిట్టకు. మనవాళ్లు స్టీరింగ్ మార్చినరోజే సీటు కవర్లు కూడా వేయిస్తారు. సీటు కింద పసుపు ప్లగ్గు ఉంటుంది, కవర్ బిగించేవాళ్లు సీటు ఎత్తినప్పుడు అది వదులవుతుంది. కల్లంలోనో పొలం పక్కనో కారు పెట్టే ఊళ్లలో ఎలుకలు సీటు కింద వైరు కొరికిన కేసులు కూడా నా దగ్గరికి వచ్చాయి. బ్యాటరీ వీక్ అయినా వోల్టేజ్ కోడు పడి లైట్ వస్తుంది. ఇంకా, నువ్వు ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటే, ఈసీయూలో పాత యాక్సిడెంట్ రికార్డు లాక్ అయి ఉండే వీలుంది, దాన్ని మామూలుగా చెరపలేం, కంపెనీలు ఈసీయూ మార్చమనే చెప్తాయి.

కొన్నిసార్లు తప్పు ఇప్పుడు లేకున్నా లైట్ ఉంటుంది. బిగించేటప్పుడు ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గు బయట ఉండగా ఎవరో పాటల కోసమో, స్టీరింగ్ లాక్ తీయడానికో తాళం ఆన్ చేస్తారు. ఆ క్షణమే ఈసీయూ "బ్యాగ్ లేదు" అని రాసేసుకుంటుంది. తర్వాత ప్లగ్గు సరిగా పెట్టినా చాలా మోడళ్లలో స్కానర్‌తో చెరిపేదాకా లైట్ ఆరదు. స్కానర్‌లో అది "హిస్టరీ" అనో "పాస్ట్" అనో కనిపిస్తుంది. "కరెంట్" అనో "యాక్టివ్" అనో ఉంటే తప్పు ఇప్పుడూ ఉన్నట్టు. హిస్టరీ అయితే చెరిపించు, అయిపోతుంది. కానీ నీకు హారన్ కూడా తేడా చేస్తోంది కాబట్టి నీది ఇంత సులువుగా తేలుతుందని నేను అనుకోవడం లేదు.

విప్పే పని నువ్వే చేస్తానంటే, చేయగలవు, కాని ముందే చెప్తున్నా, పైలం. బ్యాగ్ 30 మిల్లీసెకన్ల చుట్టుపక్కలే ఉబ్బిపోతుంది, మీదికి వంగి ఉన్న మనిషికి తప్పుకునే టైమ్ ఉండదు. చక్రాలు తిన్నగా పెట్టి, తాళం తీసి, 10 నంబర్ పానాతో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసి పక్కకు పెట్టు, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టు. వెంటనే చేయి పెట్టకు. ఈసీయూలో కెపాసిటర్ ఉంటుంది, గుద్దుకున్నప్పుడు బ్యాటరీ ఊడిపోయినా బ్యాగ్ తెరుచుకోవడానికి దాంట్లో కరెంటు దాచి ఉంచుతుంది. కొన్ని కంపెనీలు 90 సెకన్లు ఆగమంటాయి, కొన్ని 3 నిమిషాలు. నేను పది నిమిషాలు ఆగుతాను, మా షాపులో పనిచేసే పిల్లలకూ అదే నేర్పాను, తొందరపడి మిగుల్చుకునేది ఏముంది.

బ్యాగ్ బయటికి తీశాక దాన్ని ఒంటికి ఆనించి పట్టుకోవద్దు, కవర్ వైపు బయటికి ఉండాలి. కింద పెట్టేటప్పుడు కవర్ పైకి చూడాలి, వెనక మెటల్ కింద. బోర్లా పెడితే పేలినప్పుడు ఆ మొత్తం ముక్క మీదికి ఎగురుతుంది. మన ఎండలో బయట పెట్టకు, పిల్లలు తిరిగే చోట అసలే వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, మల్టీమీటర్‌ను ఎయిర్‌బ్యాగ్ పిన్నులకు పెట్టి ఎప్పుడూ కొలవొద్దు. మీటర్ కూడా కొలవడానికి కరెంటు పంపుతుంది, స్క్విబ్ వెలగడానికి ఒక ఆంపియర్ చిల్లర చాలు, అదీ రెండు మిల్లీసెకన్లు. మంచి మీటర్ అంత పంపదు అని వాదించేవాళ్లున్నారు. లోపల పాడైన మీటర్ ఎంత పంపుతుందో ఎవరు హామీ ఇస్తారు?

స్టీరింగ్ మధ్య నట్టు తీసేటప్పుడు పూర్తిగా తీసేయకుండా రెండు మూడు మరలు ఉంచి లాగు, లేకపోతే ఊడి ముఖానికి కొడుతుంది. షాఫ్ట్‌కీ చక్రానికీ పెయింట్‌తో గుర్తు పెట్టుకో. క్లాక్ స్ప్రింగ్ బయటికి తీశాక, రెండు చివరలా ఏ ప్లగ్గూ లేనప్పుడు, దాన్ని మాత్రం మల్టీమీటర్‌తో చూడవచ్చు. లైన్ కలిసి ఉంటే మీటర్ కూసే కంటిన్యుటీలో పెట్టి నెమ్మదిగా తిప్పుతూ చూడు. తిప్పుతుంటే ఎక్కడైనా శబ్దం ఆగితే రిబ్బన్ పోయినట్టే. షార్టింగ్ బార్ ఉన్న వైపు రెండు పిన్నులూ కలిసినట్టు చూపిస్తుంది, అది చూసి డబ్బా పాడైందని పారేయకు. లోపలి నుంచి కరకరమని శబ్దం వస్తే మీటర్ కూడా అక్కర్లేదు.

కొత్త క్లాక్ స్ప్రింగ్ ఛాసిస్ నంబర్ చెప్పి తెప్పించుకో. చవక కాపీలు మార్కెట్‌లో ఉన్నాయి, హారన్‌కు పనికొస్తాయేమో, బ్యాగ్ లైన్‌కు నేను పెట్టను. కొత్తది మధ్యలో లాక్ పిన్నుతోనో స్టిక్కర్‌తోనో వస్తుంది, కాలమ్ మీద కూర్చున్నాకే ఆ పిన్ను తీయాలి. పాతది మళ్లీ పెట్టాల్సి వస్తే ఒకవైపు ఆగేదాకా మెల్లగా తిప్పి, అక్కడి నుంచి రెండోవైపు ఆగేదాకా చుట్లు లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి రావాలి, డబ్బా మీద బాణం గుర్తులు ఎదురెదురుగా రావాలి. ఆగిన చోట బలం పెట్టి తిప్పితే అక్కడే తెగుతుంది. నట్టు బిగింపు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే, కొన్ని కార్లలో బోల్టు కొత్తది వేయమంటారు, అది పాటించు.

ఇంకో తప్పు అలైన్‌మెంట్ దగ్గర జరుగుతుంది. స్టీరింగ్ షాఫ్ట్ పళ్లలో ఒక పన్ను అటో ఇటో కూర్చుని వంకరగా ఉంటే, విప్పి సరిగా పెట్టకుండా అలైన్‌మెంట్ షాపుకు పోయి చక్రాలను తిప్పే టై రాడ్లు తిప్పించి తిన్నగా కనిపించేలా చేయిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కాని రాక్ మధ్యకూ స్టీరింగ్ మధ్యకూ తేడా అలాగే ఉండిపోతుంది, కారు ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ కోస్తుంది. కారు జారకుండా చూసే ఈఎస్‌పీ ఉన్న కార్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ చాలాసార్లు క్లాక్ స్ప్రింగ్‌తోనే కలిసి ఉంటుంది, దాన్ని మార్చాక స్కానర్‌తో సున్నా సెట్ చేయాలి, లేకపోతే ఈఎస్‌పీ లైట్ కూడా తోడవుతుంది.

ఇక ఆ లైట్ ఆపే విద్యల గురించి. బల్బు లైన్ కట్ చేయడం ఒకటి. దాన్ని ఆయిల్ లైట్‌కో బ్యాటరీ లైట్‌కో కలిపి, తాళం ఆన్ చేయగానే వెలిగి ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరేలా చేయడం ఇంకొకటి, కొనేవాడికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మూడోది, బ్యాగ్ ప్లగ్గులో 2 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఈసీయూను మోసం చేయడం. తప్పు బ్యాగ్‌లో ఉందా వైరింగ్‌లో ఉందా తేల్చడానికి మేము కూడా బ్యాగ్ బదులు అలాంటి టెస్ట్ లోడ్ పెడతాం, కాని టెస్ట్ అయ్యాక తీసేస్తాం. అదే రెసిస్టర్‌ను లోపల వదిలేసి కవర్ మూస్తే, ఈసీయూ అన్నీ సరిగా ఉన్నాయని నమ్మి, గుద్దుకున్న క్షణంలో ఆ రెసిస్టర్‌కు కరెంటు పంపుతుంది. ముందు కూర్చున్న మనిషికి ఏమీ రాదు. 2019 జూలై 1 నుంచి మన దేశంలో కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు, అలా పెట్టిన దాన్ని షాపులో చిన్న ముక్కతో చంపేయడం నాకు మింగుడుపడదు. సీటు బెల్ట్ శబ్దం రాకుండా పెట్టే క్లిప్పులు కూడా ఇదే కోవలోవి, 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాటిని అమ్మొద్దని ఆన్‌లైన్ షాపులను ఆదేశించింది.

అసలు ఎయిర్‌బ్యాగే లేని పాత బేస్ వేరియంట్ ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. బ్యాగ్ ఉన్న స్టీరింగ్ తెచ్చి వేసినంత మాత్రాన బ్యాగ్ రాదు. సెన్సర్లు, ఈసీయూ, వైరింగ్ ఏవీ లేవు కాబట్టి అది ఎప్పటికీ తెరుచుకోదు. లైట్ కూడా రాదు కాబట్టి ఉన్నట్టే అనిపిస్తుంది. బెల్టే మీ రక్షణ.

మేడారం ప్రయాణం విషయం. పరకాల నుంచి వరంగల్ దూరం కాదు, ఈ వారంలోనే ఒక పూట తీసుకుని కోడు చదివించు. ప్లగ్గు సమస్యయితే ఆరోజే అయిపోతుంది. క్లాక్ స్ప్రింగ్ తెప్పించాల్సి వస్తే, అది వచ్చేదాకా ఇంటిల్లిపాదితో ఆ కారులో పోవద్దని నా మాట. జాతర టైమ్‌లో ములుగు రోడ్డు సంగతి నీకు నేను చెప్పాలా, రాత్రిళ్లు బస్సులు, లారీలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు అన్నీ ఒకే రోడ్డు మీద ఉంటాయి. ఇంకో బండి మాట్లాడుకో, లేదా బస్సులో పో. తప్పనిసరై ఊళ్లో నడపాల్సి వస్తే అందరూ బెల్టు పెట్టుకోవాలి, నెమ్మదిగా పోవాలి. బాగయ్యాక కూడా ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండేలా సీటు పెట్టుకో. స్టీరింగ్ మధ్య కవర్ మీద మెరుపు స్టిక్కర్లు, తోలు కవర్లు వద్దు. అలాగే డ్యాష్‌బోర్డ్ మీద ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న పలక మీద సమ్మక్క సారక్క ఫొటోగానీ, మల్లన్న బొమ్మగానీ అతికించి ఉంటే భక్తిగా తీసి మధ్యలో పెట్టుకో, బ్యాగ్ తెరుచుకుంటే ఆ బొమ్మ నేరుగా పక్క సీటు వాళ్ల ముఖం మీదికి వస్తుంది.

పని అయ్యాక షాపులోనే నిలబడి చూసుకో. తాళం ఆన్ చేయగానే లైట్ వెలగాలి, కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు లైన్ ముట్టుకున్నట్టే, ఒప్పుకోకు. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆరుతోందా లేక స్టార్ట్ చేస్తేనే ఆరుతోందా గమనించు, స్టార్ట్ చేస్తేనే ఆరితే వేరే లైట్‌కు కలిపారేమో అడుగు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి స్టీరింగ్ ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా మెల్లగా తిప్పుతూ మధ్య మధ్యలో హారన్ కొట్టు, ప్రతి చోటా మోగాలి, బటన్లు పనిచేయాలి, వెనక నుంచి శబ్దం రాకూడదు. ఒక చుట్టు తిన్నటి రోడ్డు మీద పోయి వచ్చి స్కానర్‌తో ఇంకోసారి కోడు చూపించమను, ఖాళీగా ఉండాలి. విప్పిన పాత క్లాక్ స్ప్రింగ్ నీ చేతికి ఇవ్వమను. ఇవన్నీ అయ్యాకే డబ్బులు ఇవ్వు.